ప్రఖ్యాత పాత్రలు - ఉత్పాద్య కథ: ‘స్పాక్ మస్ట్ డై!’ నవలా పరిశీలన

టెలివిజన్ ధారావాహికలోని పాత్రలను, కల్పనాలోకాన్ని స్వీకరించి కొత్త కథతో రచించే నవలలను అనుబంధ నవలలు అనవచ్చు. అలంకారశాస్త్ర పరిభాషలో వీటి ఇతివృత్తం మిశ్రం. పాత్రలు ప్రఖ్యాతాలు, కథ ఉత్పాద్యం. ‘స్టార్ ట్రెక్’ ధారావాహిక ఆధారంగా వయోజన పాఠకుల కోసం వెలువడిన తొలి కొత్త నవల జేమ్స్ బ్లిష్ రచించిన ‘స్పాక్ మస్ట్ డై!’ (1970). సమర్థుడైన రచయిత చేతిలో రూపొందినా ఈ నవల ఎందుకు నిరాశ కలిగిస్తుందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

‘స్టార్ ట్రెక్’ అమెరికాలో ఎన్.బి.సి. ద్వారా 1966 సెప్టెంబరు 8 నుండి 1969 జూన్ 3 వరకు 79 భాగాలుగా ప్రసారమైంది. బాంటమ్ ప్రచురణ సంస్థ కోసం బ్లిష్ 1967 నుండి ఆ భాగాల రచనాప్రతులను కథలుగా మలిచి సంపుటాలుగా వెలువరించాడు. ప్రసారం నిలిచిపోయిన మరుసటి సంవత్సరమే ఈ నవల వచ్చింది. కనుక అభిమానులకు ఇది కేవలం మరొక పుస్తకం కాదు, ఆగిపోయిన కథకు కొనసాగింపు.

బ్లిష్ సామాన్య రచయిత కాడు. ఒక జెసూట్ మతాచార్యుని ధర్మసంకటాన్ని చిత్రించిన ‘ఎ కేస్ ఆఫ్ కాన్షన్స్’ (1958) నవలకు 1959లో హ్యూగో పురస్కారం లభించింది. విలియం ఆథెలింగ్ జూనియర్ అనే కలంపేరుతో సమకాలిక వైజ్ఞానిక కథలను నిర్మొహమాటంగా విమర్శించిన వాడు కూడా ఆయనే.

నవల ఒక తాత్త్విక ప్రశ్నతో ఆరంభమవుతుంది. మనిషిని విడదీసి మరొక చోట తిరిగి కూర్చే ట్రాన్స్‌పోర్టర్ నుండి వెలుపలికి వచ్చేవాడు పూర్వపు మనిషేనా? అతని ఆత్మ ఏమవుతుంది? ఈ సందేహం వైద్యుడు మెకాయ్‌ది. తరువాత ఒక ప్రయోగం వికటించి ఇద్దరు స్పాక్‌లు ఏర్పడతారు. ప్రశ్నకు సజీవరూపం లభించినట్లయింది. కాని కథనం అక్కడి నుండి దారి మళ్లుతుంది. ‘మనిషి అంటే ఏమిటి’ అన్న జిజ్ఞాస ‘ఇద్దరిలో అసలువాడు ఎవరు’ అన్న అపరాధ పరిశోధనగా కుదించుకుపోతుంది. ప్రతిరూపం దర్పణబింబం వంటిదనీ, అతని దేహంలోని అణునిర్మాణం కుడియెడమలు తారుమారైనదనీ తేలడం చక్కని శాస్త్రీయ కల్పన. అయితే అది ఆనవాలు పట్టడానికి ఉపకరించిందే తప్ప ఆ రెండవ స్పాక్ అంతరంగాన్ని ఆవిష్కరించలేదు. తనదే అయిన స్మృతితో పుట్టి, చావవలసినవాడిగా నిర్ణయమైన జీవి వేదన పాఠకునికి అందదు. అతనిని శత్రుపక్షంలో నిలపడంతో అతని మరణం ధర్మసంకటం కాకుండా పోయింది.

ఈ లోపానికి మూలం ప్రఖ్యాత పాత్రలను గ్రహించడం కాదు. మార్కండేయ పురాణంలోని కథను గ్రహించిన పెద్దన ప్రవర వరూధినులకు కొత్త ప్రాణం పోశాడు. ఆయనకు ఆ స్వేచ్ఛ ఉంది. అనుబంధ నవలాకారుడు మాత్రం పాత్రలను ఎలా స్వీకరించాడో చివరకు దాదాపు అలాగే తిరిగి అప్పగించాలి. స్పాక్ మారడానికి వీలులేదు. మార్పు లేనిచోట ఆత్మను గురించిన ప్రశ్నకు కథలో పరిణామం ఉండదు.

పాత్రల విషయంలో సాధ్యం కాని మార్పును బ్లిష్ కల్పనాలోక చరిత్రలో ప్రవేశపెట్టాడు. నవలాంతంలో ఆర్గేనియన్లు క్లింగాన్ జాతికి వెయ్యేళ్లపాటు అంతరిక్షయానం లేకుండా చేస్తారు. కాని 1979 నాటి ‘స్టార్ ట్రెక్: ది మోషన్ పిక్చర్’ క్లింగాన్ నౌకలతోనే ఆరంభమవుతుంది. నవలలోని ఏకైక శాశ్వత పరిణామాన్ని మూల కల్పన లెక్కచేయలేదు.

కాబట్టి ‘స్పాక్ మస్ట్ డై!’ వైఫల్యాన్ని కేవలం రచయిత అశక్తతగా భావించడం సమంజసం కాదు. రెండవ స్పాక్‌ను శత్రువుగా మార్చడం బ్లిష్ స్వయంగా ఎంచుకున్న సులభమార్గం; దానికి బాధ్యత ఆయనదే. పాత్రలపై తుది అధికారం లేకపోవడం మాత్రం ఆ ప్రక్రియ విధించిన పరిమితి. అనుబంధ నవలలను అంచనా కట్టే విమర్శకుడు ఈ రెండింటినీ వేరుచేసి చూడటం అవసరం.