పాత 8085 కిట్ వయసు చెప్పగలరా?

మీ కాలేజీ ఎలక్ట్రానిక్స్ లాబ్‌లో బీరువా పైన దుమ్ముకొట్టుకుపోయిన పెట్టె ఏదైనా వుందేమో ఒకసారి చూడండి. మూత తెరిస్తే ఆకుపచ్చని బోర్డు, ఇరవై పైచిలుకు మీటలు, ఎర్రగా వెలిగే ఆరు అంకెల గళ్లు కనిపించవచ్చు. తెర లేదు, డిస్కు లేదు. అయినా అది పూర్తి కంప్యూటరే. పాత సామాన్ల బండికి వెయ్యకముందే దాని కథ తెలుసుకుందాం.

1971లో ఇంటెల్ 4004 వచ్చింది. ఒక జపాన్ కంపెనీ లెక్కల యంత్రం కోసం తయారైన ఆ చిప్‌లో సుమారు 2300 ట్రాన్సిస్టర్లున్నాయి. 1974లో 8080 వచ్చింది. అయితే దానికి మూడు రకాల వోల్టేజిలు కావాలి: +5, -5, +12. 1976లో వచ్చిన 8085కి ఒక్క 5 వోల్టులు చాలు. పేరు చివరి 5 అదే చెబుతుంది. చిప్ చేతికొచ్చింది సరే, దాన్ని వాడడం ఇంజనీర్లకు ఎవరు నేర్పుతారు? అందుకే చిప్ కంపెనీలే శిక్షణ బోర్డులు తయారుచేసి అమ్మాయి. 6502 చిప్ తయారుచేసిన మాస్ టెక్నాలజీ 1976లో కిమ్-1 బోర్డును 245 డాలర్లకు అమ్మింది. ఇంజనీర్లకోసం చేసిన ఆ బోర్డును ఔత్సాహికులు తమ సొంత కంప్యూటర్‌గా కొనుక్కున్నారు! ఆ తర్వాత ఇంటెల్ ఎస్.డి.కె.-85 వచ్చింది. మన దేశంలో చెన్నైలోని వి మైక్రోసిస్టమ్స్, ముంబైలోని డైనలాగ్, ఢిల్లీలోని వినిటిక్స్ వంటి సంస్థలు తయారుచేసిన 8085 కిట్ల మీద వేలాదిమంది విద్యార్థులు మొదటి ప్రోగ్రామ్ రాశారు.

ఎస్.డి.కె.-85లో ర్యామ్ ఎంతో తెలుసా? 256 బైట్లు. నేటి కంప్యూటర్లు వాడే యూనికోడ్ యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. అంటే 85 సంకేతాలకే మెమరీ నిండిపోతుంది. ఈ పేరా మొదటి మూడు నాలుగు వాక్యాలు కూడా అందులో ఇమడవు.

ఇప్పుడు మీ చేతిలోని బోర్డును గుర్తుపట్టండి. ముందు 40 కాళ్ల పెద్ద చిప్‌ను వెతకాలి. పైన రాత చెరిగిపోయినా 5 వోల్టులు ఏ కాలికి వెళుతున్నాయో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. 8085కి 40వ కాలు, జెడ్-80కి 11వ కాలు, 6502కి 8వ కాలు. 8279 అనే చిప్ వుంటే అది మీటలనూ అంకెల గళ్లనూ చూసుకునేది. గాజు కిటికీ వున్న చిప్ ఈప్రామ్.

వయసు తేల్చడంలోనే అసలు తమాషా వుంది. చిప్‌ల మీద నాలుగంకెల తేదీ సంకేతం వుంటుంది. 8432 అంటే 1984లో 32వ వారం. కాని 8251 అని కనిపిస్తే? అది 1982 చివరి వారాల్లో ఒకటి కావచ్చు, లేదా సీరియల్ సమాచారం పంపే చిప్ పేరే 8251 కావచ్చు! 8085 మాత్రం తేదీ కాలేదు, ఏడాదిలో 85 వారాలు లేవు కదా. ఇంటెల్ చిప్‌ల మీద వుండే '76' అనే అంకె కూడా చాలామందిని మోసం చేస్తుంది. అది కాపీరైట్ సంవత్సరం, తయారైన సంవత్సరం కాదు. ఒక్క చిప్‌ను నమ్మకండి, ఎవరో మధ్యలో మార్చివుండవచ్చు. ఎక్కువ చిప్‌ల తేదీలు ఎక్కడ గుమికూడితే బోర్డు ఆ తర్వాత కొద్దికాలంలో పుట్టిందనుకోవాలి.

బోర్డు దొరికిన ఉత్సాహంలో వెంటనే స్విచ్ వెయ్యవద్దు. నా దృష్టిలో మొదట కాపాడవలసింది బోర్డును కాదు, ఈప్రామ్‌లోని మానిటర్ ప్రోగ్రామ్‌ను. మీట నొక్కితే గుర్తించేదీ, గళ్లలో అంకె చూపేదీ అదే. అది పోతే మిగిలేది రేకు, ప్లాస్టిక్ మాత్రమే. ఈప్రామ్‌లో సమాచారం విద్యుదావేశంగా నిలిచి వుంటుంది. అతినీలలోహిత కిరణాలు కిటికీలోంచి పడితే పావుగంట, ఇరవై నిమిషాల్లో చెరిగిపోతుంది. నేరుగా ఎండ తగిలితే వారం చాలు. కిటికీ మీది స్టిక్కర్ ఊడిపోయివుంటే ముందు దాన్ని కప్పండి. తర్వాత ఈప్రామ్ రీడర్‌తో నకలు తీసి రెండు చోట్ల దాచండి. చిప్ తీసేటప్పుడు చివరి గాటు ఎటు వుందో ఫోటో తీసుకోండి, తిప్పి పెడితే కాలిపోతుంది.

బోర్డు మీద నికెల్-కాడ్మియం బ్యాటరీ వుంటే దాని చుట్టూ పచ్చటి పొక్కులు చూడండి. కారిన ద్రవం క్షారం, రాగి దారులను తినేస్తుంది. చేతి తొడుగులతో బ్యాటరీ తీసేసి, దూదితో కొద్దిగా వెనిగర్ అద్ది, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. కాడ్మియం విషం కనుక బ్యాటరీని చెత్తబుట్టలో వెయ్యకూడదు.

తర్వాత పవర్ సప్లై. దీన్ని మాస్టారు పక్కనుండగానే చెయ్యాలి. బోర్డు తగిలించకుండా వోల్టేజి కొలవండి, 4.75కీ 5.25కీ మధ్య వుండాలి. రెగ్యులేటర్ చెడి ఎక్కువ వోల్టేజి వస్తే ఒక్క క్షణంలో అన్ని చిప్‌లూ పోతాయి. పవర్ తగిలించకుండానే బోర్డు మీద 5 వోల్టుల దారికీ గ్రౌండ్‌కీ మధ్య షార్టు లేదని మీటర్‌తో నిర్ధారించుకోండి. అన్నీ సరిగా వున్నా గళ్లు వెలగకపోతే చాలాసార్లు తప్పు సాకెట్లలోనే వుంటుంది. పవర్ ఆపి, చిప్‌లను ఒక్కొక్కటిగా మెల్లగా లేపి మళ్లీ నొక్కితే తుప్పు గీసుకుపోతుంది. అప్పటికీ పలకకపోతే 37వ కాలు దగ్గర గడియార సంకేతం చూడండి. 6.144 మెగాహెర్ట్జ్ స్ఫటికం వుంటే అక్కడ అందులో సగం, 3.072 రావాలి. 36వ కాలు రీసెట్. అది తక్కువ వోల్టేజి దగ్గరే ఇరుక్కుపోతే ప్రాసెసర్ నిద్ర లేవదు.

గళ్లు వెలిగాయా? అయితే ఒక పరీక్ష. 2000 చిరునామా నుంచి వరుసగా 21, 50, 20, 36, 07, 34, 76 నొక్కండి. మొదటి మూడూ 2050 చిరునామాను చూపుతాయి, తర్వాత రెండూ అక్కడ 7 పెడతాయి, 34 దానికి ఒకటి కలుపుతుంది, 76 ఆగమంటుంది. కొన్ని కిట్లలో ర్యామ్ వేరే చిరునామాలో మొదలవుతుంది, అప్పుడు ఆ మేరకు మార్చుకోవాలి. 2000 నుంచి నడిపించి, రీసెట్ నొక్కి 2050లో ఏముందో చూడండి. 08 వుంటే మీ కిట్ లేచి కూర్చున్నట్లే. 07 వుంటే కంగారుపడకండి, 2005 దగ్గర 34 బదులు మరేదో నొక్కివుంటారు.