పాలిప్ తీసిన చోట మళ్లీ ఎందుకు మొలుస్తుంది?

1969కి ముందు పెద్దపేగు లోతట్టున పాలిప్ (లోపలి పొర మీద మొలిచే కండ) ఉందంటే పొట్ట కోయాల్సిందే. ఆ ఏడాది న్యూయార్క్‌లోని బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రిలో వైద్యులు హిరోమి షిన్యా, విలియం వోల్ఫ్ పేగు లోపల చూసే గొట్టమైన కొలనోస్కోప్ గుండా సన్నని తీగ ఉచ్చు పంపారు. పాలిప్ కాడకు బిగించి, కరెంటుతో తెంపి బయటకు తీశారు. ఇలా తీసేస్తే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 76 నుంచి 90 శాతం దాకా తగ్గుతుందని 1993లో అమెరికా నేషనల్ పాలిప్ స్టడీ తేల్చింది.

కాడ ఉన్నవాటికి ఉచ్చు చాలు. చిక్కల్లా పేగు గోడ మీద చాపలా పరుచుకున్న, రెండు సెంటీమీటర్లు దాటిన పాలిప్‌లతోనే. నేరుగా కోస్తే గోడకు చిల్లు పడొచ్చు. అందుకు సెలైన్ దారి చూపింది. సూదితో పాలిప్ అడుగున సెలైన్ ఎక్కిస్తే పై పొర ఉబ్బి, కండర పొరకు ఎడంగా లేస్తుంది. అందులో నీలి రంగు కలిపితే ఎంతవరకు కోయాలో కంటికి తెలుస్తుంది. ఈఎంఆర్ (ఎండోస్కోపిక్ మ్యూకోసల్ రిసెక్షన్) అనే ఈ పద్ధతితో ఎందరికో పెద్ద ఆపరేషన్ తప్పింది.

కానీ ఉచ్చులో ఒకేసారి పట్టని పాలిప్‌ను ముక్కలుగా తీయాలి. ఆ ముక్కల మధ్యా, అంచుల్లోనూ కంటికి ఆనని కణాలు మిగిలిపోతాయి. 33 అధ్యయనాలను కలిపి చూసిన 2014 నాటి విశ్లేషణలో, ఒకే ముక్కగా తీసినచోట 3 శాతం, ముక్కలుగా తీసినచోట 20 శాతం పాలిప్‌లు తిరిగొచ్చాయి.

జపాన్ వైద్యులు దీనికి ఈఎస్‌డీ (ఎండోస్కోపిక్ సబ్‌మ్యూకోసల్ డిసెక్షన్) అనే పద్ధతితో జవాబిచ్చారు. చిన్న కత్తితో చుట్టూ గీసి, అడుగు పొర నుంచి విడదీసి, మొత్తాన్ని ఒకే ముక్కగా తీస్తారు. పాలిప్ తిరిగి రావడం అరుదు. అయితే ఎక్కువ సమయం, ఎంతో నేర్పు కావాలి. చిల్లు పడే ప్రమాదమూ ఎక్కువే.

ఆస్ట్రేలియాలో మైకేల్ బోర్క్ బృందం తేలిక మార్గం పట్టింది. పాలిప్ తీశాక, అదే ఉచ్చు కొనతో గాయం అంచు చుట్టూ సన్నగా కాల్చారు. 2019లో వెలువడిన ఫలితాల ప్రకారం, తీశాక చేసే మొదటి తనిఖీ కొలనోస్కోపీలో తిరిగి కనిపించే పాలిప్‌లు 21 శాతం నుంచి 5.2 శాతానికి పడిపోయాయి.

అంచు కాల్చినా ముప్పు సున్నా కాదు. తిరిగొచ్చేవాటిలో చాలావరకు ఆరు నెలల్లోపే బయటపడతాయి, చిన్నగా ఉన్నప్పుడు మళ్లీ కొలనోస్కోపీలోనే తీసేయొచ్చు. కాబట్టి పెద్ద పాలిప్ తీయించుకున్నవారు ఒకే ముక్కగా తీశారా, ముక్కలుగానా అని డాక్టర్‌ను అడగండి. ముక్కలుగా అయితే ఆరో నెల తనిఖీని వాయిదా వేయకండి.