చందా, బకాయి, శాశ్వత సభ్యత్వం: అభిరుచి సంఘాల చరిత్రకు ఒక ఆధారం



మీ ఊళ్లో పాత గ్రంథాలయమో, నాటక సమాజమో, చదరంగం క్లబ్బో ఉంటే ఒకసారి లోపలికి వెళ్లి గోడల వైపు చూడండి. పాలరాతి పలక మీదో, రంగు వెలిసిన చెక్క బోర్డు మీదో 'శాశ్వత సభ్యులు' అన్న శీర్షిక కింద వరసగా పేర్లు కనిపిస్తాయి. కొన్నిచోట్ల పేరు పక్కన రూ. 116 అనో, రూ. 1,116 అనో రాసి ఉంటుంది. ఆ పేర్లు గలవారిలో చాలామంది ఇప్పుడు లేరు. వారిచ్చిన డబ్బు ఏమైందో చెప్పగలవారు కూడా తరచుగా దొరకరు.

సంఘాల చరిత్ర రాసేవారు మామూలుగా స్థాపకులతో, ఆశయాలతో మొదలుపెట్టి, మహాసభల మీదుగా నడిచి, చందా వివరాలను చివర అనుబంధంలో వేస్తారు. నా దృష్టిలో ఇది తలకిందుల పద్ధతి. ఆశయాలు ఎవరైనా గొప్పగానే రాసుకుంటారు. లోపలికి ఎవరిని రానిచ్చారు, ఎవరు గుమ్మం దగ్గరే ఆగిపోయారు, ఇచ్చిన మాట ఎంతకాలం నిలిచింది అన్న ప్రశ్నలకు జవాబు కోశాధికారి పుస్తకంలో ఉంటుంది. ఇంగ్లండులో ప్రకృతి పరిశీలన, ఆకాశ పరిశీలన అభిరుచిగా గలవారు పెట్టుకున్న సంఘాలను ఉదాహరణగా తీసుకుని ఈ పాఠంలో ఆ పుస్తకాన్ని చదువుదాం. వాటి లెక్కలు చాలాకాలం నుంచి భద్రంగా ఉన్నాయి. పైగా ఆ కథలో మన విశాఖపట్నం మనిషి కూడా ఒకరున్నారు.

వారానికో షిల్లింగు

1660 నవంబరు 28న లండన్‌లోని గ్రెషాం కళాశాలలో క్రిస్టఫర్ రెన్ ఉపన్యాసం ముగిశాక పన్నెండు మంది ఒక గదిలో కూర్చుని ఒక సంఘం పెట్టుకోవాలని నిర్ణయించారు. తరువాతి కాలంలో రాయల్ సొసైటీగా పేరు పొందినది ఇదే. వారిలో ఎక్కువమందికి విజ్ఞానశాస్త్రం బతుకుతెరువు కాదు, ఇష్టం. తొలి రోజు చేసిన తీర్మానాల్లోనే డబ్బు మాట ఉంది: చేరేటప్పుడు 10 షిల్లింగులు, ఆపైన వారానికి 1 షిల్లింగు. సమావేశానికి వచ్చినా రాకపోయినా ఆ షిల్లింగు చెల్లించాల్సిందే. (20 షిల్లింగులు ఒక పౌండు, 21 షిల్లింగులు ఒక గినీ. ఈ లెక్క గుర్తుంచుకోండి, ముందు అవసరమవుతుంది.)

'రాకపోయినా' అన్న మాట దగ్గర ఆగండి. నాటకానికి టికెట్టు కొంటే ఆ రోజు చూసినదానికే డబ్బు. చందా అలాంటిది కాదు. మనం లేని రోజున కూడా దీపం వెలగడానికి, గది అద్దెకు, గుమాస్తా జీతానికి ఇచ్చేది చందా. ఈ తేడా కాగితం మీద అందరికీ అర్థమవుతుంది, జేబులో చెయ్యి పెట్టేటప్పుడు అర్థం కాదు. రాయల్ సొసైటీలో కొద్ది ఏళ్లలోనే బకాయిల జాబితా పెరిగింది. గొప్ప బిరుదులున్నవారు కూడా ఎగ్గొట్టినవారిలో ఉన్నారు. 1675లో ఐజాక్ న్యూటన్‌కు వారపు చందా మినహాయించారు. ఆయన కేంబ్రిడ్జిలో ఉండేవాడు, లండన్ సమావేశాలకు రావడం అరుదు.

ఖాళీ పెట్టె ఫలితం 1686లో కనిపించింది. ఆ ఏడాది సొసైటీ ఫ్రాన్సిస్ విల్లుబీ రాసిన చేపల చరిత్రను బొమ్మలతో ఖరీదుగా అచ్చు వేయించింది. ప్రతులు అమ్ముడుపోలేదు. అదే సమయంలో న్యూటన్ 'ప్రిన్సిపియా' రాతప్రతి వచ్చింది. దాన్ని అచ్చు వేయడానికి సొసైటీ దగ్గర డబ్బు లేదు. సొసైటీలో గుమాస్తాగా ఉన్న ఎడ్మండ్ హేలీ ఆ ఖర్చు తాను భరించాడు, 1687లో పుస్తకం వెలువడింది. ఆ హేలీకి రావలసిన 50 పౌండ్ల జీతానికి బదులు సొసైటీ ఇచ్చింది అమ్ముడుపోని చేపల పుస్తకాలు! సభ్యుల బకాయిలను నేను అల్పవిషయంగా తీసుకోవద్దనడం ఇందుకే.

జీవితానికి వెల

చందా వసూలు చేసి విసిగిన ఏ కోశాధికారికైనా ఒక ఆలోచన వస్తుంది: ఏటా వెంటపడే బదులు ఒకేసారి పెద్ద మొత్తం తీసుకుని వదిలేస్తే? జీవిత సభ్యత్వం ఇలా పుట్టింది. 19వ శతాబ్దంలో రాయల్ సొసైటీ ఏటా 4 పౌండ్లు ఇవ్వమనేది, లేదా ఒకేసారి 60 పౌండ్లు కడితే ఇక జీవితాంతం చందా ఉండదు.

ఈ 60 సరైన ధరేనా? ఇక్కడ కాగితం, కలం తీసుకోండి. నూటికి 3 చొప్పున ప్రభుత్వ పత్రాల్లో పెడితే 60 పౌండ్లకు ఏటా వచ్చే వడ్డీ 1 పౌండు 16 షిల్లింగులు. సంఘానికి కావలసినది 4 పౌండ్లు. తక్కువపడిన సొమ్ము ప్రతి ఏడూ అసలులోంచి తీయాలి. అలా తీస్తూ పోతే సుమారు 20 ఏళ్లకు అసలు అయిపోతుంది. ముప్పయ్యో ఏట చేరి డెబ్బయి దాకా బతికిన సభ్యుడిని చివరి 20 ఏళ్లు ఎవరు పోషించారు? ఏటా చందా కట్టే మిగతా సభ్యులు.

ఇలాంటి లెక్కకు దారి చూపినవాడు చేపల పుస్తకాలు జీతంగా అందుకున్న ఆ హేలీయే. 1693లో ఆయన బ్రెస్లావ్ నగరపు (నేటి పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్) జనన మరణాల జాబితాల నుంచి, ఏ వయసు మనిషి ఇంకా ఎన్నేళ్లు బతికే అవకాశం ఉందో చూపే పట్టిక తయారుచేశాడు. అప్పట్లో ఇంగ్లండు ప్రభుత్వం జీవితాంతం ఏటా సొమ్ము చెల్లించే పత్రాలను కొనేవారి వయసు చూడకుండా ఒకే ధరకు అమ్మేది. పిల్లవాడికీ ముసలివాడికీ ఒకే ధర తగదని ఆ పట్టిక తేల్చింది. జీవిత సభ్యత్వం కూడా అదే బేరం, కాకపోతే ఇక్కడ సంఘం చెల్లించేది డబ్బు రూపంలో కాక పత్రికగా, గదిగా, ఓటుగా. అయినా చాలా సంఘాలు అందరికీ ఒకే మొత్తం పెట్టి ఊరుకున్నాయి. సభ్యుడి వయసు అడగడం మర్యాద కాదనుకున్నారో, లెక్క కట్టే ఓపిక లేదో!

ఒకే ధర పెడితే ఎవరు కొంటారు? వయసులో చిన్నవారు, ఆరోగ్యవంతులు, చేతిలో రొక్కం ఉన్నవారు. సంఘానికి ఎక్కువ ఖర్చు తెచ్చేదీ వీరే.

ఇంకో ప్రమాదం వడ్డీలో ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం 1888లో తన 3 శాతం పత్రాల వడ్డీని రెండుంముప్పావుకు తగ్గించింది, 1903 నుంచి రెండున్నరకు దించింది. తరువాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1914 నుంచి 1920 లోపు అక్కడ ధరలు రెట్టింపు దాటాయి. కాగితం, అచ్చు, తపాలా అన్నీ పెరిగాయి. వార్షిక చందాను సర్వసభ్య సమావేశంలో పెంచుకోవచ్చు. ఎప్పుడో కట్టేసిన శాశ్వత సభ్యుడిని మళ్లీ అడిగే దారి లేదు. శాశ్వత సభ్యుల జాబితా నిజానికి సంఘం తీర్చవలసిన అప్పుల జాబితా.

రెండు గినీలు, అర గినీ

ఇప్పటిదాకా లోపలివారి సంగతి చూశాం. ఇక గుమ్మం దగ్గర ఆగినవారిని చూద్దాం. 1820లో ఏర్పడి 1831లో రాజశాసనం పొందిన రాయల్ ఆస్ట్రొనామికల్ సొసైటీకి ఏడాది చందా 2 గినీలు, అంటే 42 షిల్లింగులు. మన నేల నుంచి 1871లో అందులో ఫెలో అయినవారు అంకితం వెంకట నర్సింగరావు. తన మామగారు గోడే వెంకట జగ్గారావు విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో స్థాపించిన వేధశాలను ఆయన నడిపారు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగడాన్ని గమనించి ఆ సొసైటీ పత్రికకు రాశారు. విశాఖలోని మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల పేరులో ఉన్న అక్షరాలు ఆయనవే. ఆస్తిపాస్తులున్న కుటుంబానికి 2 గినీలు అడ్డు కాదు, సముద్రాల దూరం కూడా అడ్డు కాలేదు.

మద్రాసు వేధశాలలో పనిచేస్తున్న ఐసిస్ పోగ్‌సన్ సంగతి వేరు. 1886లో ఆమె పేరును అదే సొసైటీకి ప్రతిపాదించినది ఆమె తండ్రి, ఆ వేధశాల అధిపతి నార్మన్ పోగ్‌సన్. రాజశాసనంలో సభ్యుణ్ని పుంలింగంలో చెప్పారు కాబట్టి స్త్రీలు చేరరాదని న్యాయవాదులు సలహా ఇవ్వడంతో ఆ ప్రతిపాదన ఉపసంహరించుకున్నారు. స్త్రీలకు ఆ తలుపు 1916లో తెరుచుకుంది. ఆమె ఫెలో అయినది 1920లో.

1890లో డబ్లిన్‌కు చెందిన మాంక్ అనే ఆయన 'ఇంగ్లిష్ మెకానిక్' పత్రికకు ఒక లేఖ రాశాడు. పాత సొసైటీ చందా భరించలేనివారికి, ఆ వ్యాసాలు మింగుడుపడనివారికి, ప్రవేశం లేని స్త్రీలకు ఇంకో సంఘం కావాలన్నాడు. ఆ ఏడాదే బ్రిటిష్ ఆస్ట్రొనామికల్ అసోసియేషన్ ఏర్పడింది. చందా అర గినీ, పాతదానిలో సరిగ్గా నాలుగో వంతు. స్త్రీలు మొదటి నుంచీ సభ్యులు. నాలుగో వంతు చందాతో కూడా సంఘం బతకగలదని అది చూపింది, ఈనాటికీ నడుస్తోంది.

మన చట్టం, నా రశీదు పుస్తకం

మన దేశంలో ఇలాంటి సంఘాలు చాలాకాలం 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదయ్యేవి. దాని 15వ సెక్షన్ ప్రకారం మూడు నెలలకు మించి చందా బకాయి ఉన్నవారికి ఓటు లేదు, వారిని సభ్యుల లెక్కలోకి కూడా తీసుకోరాదు. శాశ్వత సభ్యుడికి బకాయి అనేదే ఉండదు కదా! అంటే అతని ఓటు ఎప్పటికీ చెల్లుతుంది. దీని ఫలితం నేను స్వయంగా చూశాను.

1986లో, లెక్చరర్‌గా చేరిన కొత్తలో, ఒక కోస్తా పట్టణంలో తపాలా బిళ్లలు సేకరించేవారి చిన్న సంఘానికి నేను కోశాధికారిని. వార్షిక చందా 25 రూపాయలు. పదింతలు పెట్టి శాశ్వత సభ్యత్వం 250 అన్నాం. బ్యాంకులో పది శాతం వస్తోంది, 250కి 25, లెక్క సరిపోయిందని నేనే బల్ల గుద్ది చెప్పాను. అరవై మంది చేరారు, 15,000 రూపాయలు వచ్చాయి. అదే ఏడాది ప్రదర్శన కోసం అద్దాల చట్రాలు చేయించడానికి అందులోంచి 5,000 తీశాం, తరువాత వేసేద్దామనుకున్నాం. వేయలేదు. ఆ తీర్మానం కింద నా సంతకం ఉంది.

అప్పుడు కవరుకు తపాలా ఖర్చు 50 పైసలు. అరవై మందికి ఏడాదిలో నాలుగు సంచికలు పంపడానికి 120 రూపాయలయ్యేది. 2002లో కవరు 5 రూపాయలయ్యాక అదే పనికి 1,200 కావలసివచ్చింది. వడ్డీ ఆరు శాతం దగ్గరికి దిగిన ఏడు, మిగిలిన 10,000 మీద 600 వచ్చింది. తపాలాకే సగం చాలలేదు, అచ్చు ఖర్చు వేరే.

దారి వెతకడానికి సర్వసభ్య సమావేశం పెట్టారు. అప్పటికి నేను బదిలీ మీద వేరే ఊరు వెళ్లిపోయినా, శాశ్వత సభ్యుణ్నే కాబట్టి వచ్చి కూర్చున్నాను. వార్షిక చందాను ఒక్కసారిగా 300 చేద్దామన్న తీర్మానానికి మెజారిటీ సులువుగా వచ్చింది. చేతులెత్తినవారిలో చాలామంది ఆ 300 కట్టవలసిన అవసరం లేనివారే. నేనూ ఎత్తాను. వెనుక బెంచీ మీద ముగ్గురు కాలేజీ కుర్రాళ్లు, ఆ ఏడాదే 100 రూపాయలు కట్టి చేరినవారు, కూర్చుని ఉన్నారు. వారిలో ఒకరు లేచి, "మాస్టారూ, మీరెంత కడతారు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మరుసటి ఏడాది రశీదు పుస్తకంలో ఆ ముగ్గురి పేర్లూ లేవు.