లూప్ సాఫ్ట్‌వేర్‌తో వీడియో సంగీతం

ముందే రికార్డు చేసిన చిన్న సంగీత ముక్కలను కంప్యూటర్‌లో పేర్చి, కావలసినన్ని సార్లు మోగించి, దృశ్యానికి నేపథ్య సంగీతం కూర్చే పద్ధతి ఇది. ఆ ముక్కలే లూప్‌లు. మన సినిమావాళ్లు రీ-రికార్డింగ్ అనే పనికి ఇది ఇంట్లో కూర్చుని చేసుకునే రూపం.

లూప్ కంప్యూటర్ కన్నా పాతది. 1948లో ఫ్రెంచ్ రేడియోలో పియరీ షేఫర్ గ్రామఫోన్ రికార్డు గాడిని వలయంగా మూసేసి, ఒకే శబ్దం తిరిగి తిరిగి వచ్చేలా చేశాడు. టేపు వచ్చాక ముక్క కత్తిరించి రెండు కొసలూ అతికిస్తే సరిపోయింది. 1977 నాటి ‘సాటర్‌డే నైట్ ఫీవర్’ సినిమా పాట ‘స్టేయింగ్ అలైవ్’ రికార్డింగ్‌కు బీజీస్ బృందం డ్రమ్మర్ అందుబాటులో లేడు. ‘నైట్ ఫీవర్’ పాటలోని డ్రమ్ముల ముక్కనే టేపు చుట్టగా తిప్పి పని కానిచ్చారు. వాయించినవాడిగా బెర్నార్డ్ లూప్ అని లేని మనిషి పేరు వేశారు!

టేపుతో చిక్కు ఏమిటంటే, వేగం పెంచితే శ్రుతి కూడా పెరుగుతుంది. 1994లో స్వీడన్ సంస్థ ప్రొపెల్లర్‌హెడ్ తెచ్చిన రీసైకిల్ సాఫ్ట్‌వేర్, లూప్‌ను దెబ్బ దెబ్బకీ కోసి ఈ చిక్కును కొంత విప్పింది. అసలు మలుపు 1998లో, అమెరికాలోని మాడిసన్‌కు చెందిన సోనిక్ ఫౌండ్రీ విడుదల చేసిన యాసిడ్ అనే సాఫ్ట్‌వేర్. లూప్ ఫైలులోనే వేగం, ఆధార శ్రుతి నమోదై ఉండేవి. పాట మోగుతుండగానే సాఫ్ట్‌వేర్ అన్ని ముక్కలనూ ఒకే లయకు, ఒకే శ్రుతికి తెచ్చేది. తర్వాతి వెర్షన్లలో వీడియో ట్రాక్ కూడా చేరింది.

లయ కుదిరినంత మాత్రాన బొమ్మతో కుదిరినట్టు కాదు. దెబ్బను ఫ్రేముతో సరిపెట్టే లెక్కను హాలీవుడ్ 1930ల కార్టూన్ల నాడే నేర్చుకుంది. సెకనుకు 24 ఫ్రేములు నడిచే ఫిల్ముపై 12 ఫ్రేములకో దెబ్బ పడితే, నిమిషానికి 120 దెబ్బలు. ఆ వేగంలో నాలుగు దెబ్బల ఆవర్తం రెండు సెకన్లు. పది సెకన్ల దృశ్యానికి సరిగ్గా ఐదు ఆవర్తాలు. దృశ్యంలో తలుపు సరిగ్గా పదకొండు సెకన్ల దగ్గర తెరుచుకుంటే? వేగాన్ని సుమారు 109కి దించితే అవే ఐదు ఆవర్తాలు తలుపు దాకా వస్తాయి. ఆపిల్ 2003లో వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫైనల్ కట్ ప్రో 4తో ఇచ్చిన ‘సౌండ్‌ట్రాక్’ అనే ప్రోగ్రాం ఈ లెక్కను తానే చేసేది: వీడియోలో గుర్తు పెడితే, దెబ్బ అక్కడ పడేలా వేగం సర్దేది.

సామాన్యుడికి ఈ విద్య చేరింది మాత్రం 2004 జనవరిలో వచ్చిన ఆపిల్ సాఫ్ట్‌వేర్ గ్యారేజ్‌బ్యాండ్‌తో. వెయ్యికి పైగా లూప్‌లతో, ఐలైఫ్ ప్యాకేజీలో భాగంగా వచ్చింది. 2006 వెర్షన్‌లో ఐమూవీ వీడియోను ఎదురుగా పెట్టుకుని సంగీతం కూర్చే వీలు కలిగింది. అదే ఏడాది బెర్లిన్ సంస్థ ఏబుల్టన్ తన లైవ్ 6 సాఫ్ట్‌వేర్‌లో వీడియో చేర్చింది. అయితే గ్యారేజ్‌బ్యాండ్‌లో మధ్యలో వేగం మార్చే సదుపాయం 2007లో వచ్చిన ’08 వెర్షన్ దాకా లేదు. అంతవరకూ సంగీతానికి తగ్గట్టు దృశ్యాన్నే కత్తిరించుకున్నవారు ఉన్నారు. అదేమంత చెడ్డ పాఠం కాదు.

కొత్తవారు సాధారణంగా ట్రాక్ మీద ట్రాక్ ఎక్కిస్తారు. మాట్లాడే గొంతు కింద గిటార్, డ్రమ్ములు, వయొలిన్లు మూడూ మోగితే మాటలు మునిగిపోతాయి. సంభాషణ వచ్చేసరికి ఒకటి రెండు వాద్యాలను మిగిల్చి తక్కినవి ఆపడం, ఎక్కడ అసలు సంగీతమే వద్దో తేల్చుకోవడం సాఫ్ట్‌వేర్ నేర్పదు, చెవే నేర్చుకోవాలి.

లూప్‌లు పేరున్న గాయకుల పాటల్లోకీ వెళ్లాయి. గాయని రిహాన్నా 2007 పాట ‘అంబ్రెలా’లోని డ్రమ్ములు గ్యారేజ్‌బ్యాండ్‌తో వచ్చిన లూపే. సొంత రచనలో వాడుకోవడానికి ఆపిల్ లైసెన్సు అనుమతిస్తుంది. లూప్‌ను విడిగా అమ్మడానికి ఒప్పుకోదు. కానీ అదే లూప్‌తో పాట కట్టిన మరొకరు ముందుగా నమోదు చేసుకుని ఉంటే, యూట్యూబ్ హక్కుల తనిఖీ వ్యవస్థ కంటెంట్ ఐడీ రెండో వీడియోపై హక్కుల ఫిర్యాదు లేపవచ్చు. అందుకే వాడిన లూప్‌ల పేర్లు, ప్రాజెక్టు ఫైలు భద్రపరచుకోవడం ఈ పనిలో మంచి అలవాటు.