మోకాలి అతిశ్రమ గాయాలు (బాల క్రీడాకారుల్లో)

ఒక్క దెబ్బతో కాక, ఒకే కదలికను వేలసార్లు చేయడం వల్ల ఎదిగే పిల్లల మోకాళ్లలో వచ్చే బాధలివి. 1994లో బ్యాడ్మింటన్ క్రీడాకారుడు పుల్లెల గోపీచంద్‌కు ఆడుతుండగా తగిలిన మోకాలి గాయం ఈ కోవలోకి రాదు. అది ఉన్నట్టుండి జరిగింది.

వీటిలో ముఖ్యమైనది ఆస్‌గుడ్-ష్లాటర్ వ్యాధి. బోస్టన్‌లో రాబర్ట్ ఆస్‌గుడ్, జ్యూరిక్‌లో కార్ల్ ష్లాటర్ 1903లో విడివిడిగా దీన్ని వివరించారు. ఎదిగే వయసులో ఎముక చకచకా పొడవవుతుంది, తొడ ముందు కండరం బిగుసుకుంటుంది. పరుగెత్తినా గెంతినా ఆ కండరం, మోకాలి చిప్ప కిందుగా వెళ్లే టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) ద్వారా, ఇంకా గట్టిపడని కాలి ఎముక భాగాన్ని లాగుతుంది. అక్కడ వాచి, బొడిపె కడుతుంది.

ఇలాంటి బాధలు టేబుల్ టెన్నిస్‌లోనూ రావచ్చు. హర్మీత్ దేశాయ్, మానవ్ ఠక్కర్ వంటి ఆటగాళ్లను అందించిన సూరత్‌లో ఈ ఆటకు ఆదరణ ఎక్కువ. మోకాళ్లు వంచి పక్కలకు కదలడమే ఆ ఆటకు ప్రాణం. భారమూ అక్కడే పడుతుంది. ‘ఎదిగే వయసు నొప్పిలే’ అని కొట్టిపారేయడం పెద్దల అలవాటు, మంచిది కాదు. సాధన తగ్గించడం, ఐసు పెట్టడం, తొడ కండరాలను సాగదీయడం చాలామందికి సరిపోతాయి. ఎదుగుదల ఆగాక నొప్పి సాధారణంగా పోతుంది, బొడిపె మిగలవచ్చు. వారానికి కనీసం ఒక రోజు ఆటకు సెలవివ్వాలి. రాత్రి నిద్ర లేపే నొప్పి, జ్వరం, కుంటడం ఉంటే ఆలస్యం చేయకుండా ఎముకల వైద్యుడికి చూపించాలి.