గోడకి ఇవతల

వెంబ్లీ స్టేడియంలో, మైదానం మధ్యలో నిలబడి ఉన్నారు మీరు. ఒకరి మోచెయ్యి మీ డొక్కలో, ఇంకొకరి వీపు సరిగ్గా మీ ముక్కుకి ఎదురుగా. 1988 జూన్ 11, శనివారం మధ్యాహ్నం. చుట్టూ 72 వేల మంది. జైల్లో ఉన్న నెల్సన్ మండేలాకి వచ్చే నెల 70 ఏళ్ళు నిండుతాయని లండన్‌లో చేస్తున్న పుట్టినరోజు పండగ ఇది. స్టింగ్ అప్పుడే పాడి వెళ్ళిపోయాడు. రాత్రికి డైర్ స్ట్రెయిట్స్, వాళ్ళతో ఎరిక్ క్లాప్టన్. మీరు టికెట్ కొన్నది వాళ్ళ కోసమే. డ్రమ్స్ మోగినప్పుడల్లా కొట్టుకుంటున్నది మీ గుండో, ఆ డ్రమ్మో తెలియడం లేదు.

ఒక బ్యాండు దిగి ఇంకో బ్యాండు ఎక్కే సందులో ఒకమ్మాయి గిటారుతో మైకు ముందుకొచ్చింది. వెనక ఎవరూ లేరు. "ఎవరీమె?" అన్నాడు పక్కవాడు. ఏమో, మీకూ తెలీదు. ట్రేసీ చాప్‌మన్, 24 ఏళ్ళు, మొదటి ఆల్బమ్ వచ్చి రెండు నెలలు. మొదటి పాట గిటారుతో పాడింది. బాగుందనుకున్నారు. కాళ్ళు మార్చి నిలబడ్డారు.

రెండో పాటకి గిటారు మోగలేదు.

తీగ తెగిందేమో, వైరు ఊడిందేమో అనుకున్నారు. కాదు. ఉత్త గొంతుతో పాడుతోంది. ఆ పాట పేరు 'బిహైండ్ ద వాల్'. తాళం లేదు కాబట్టి చప్పట్లు కలపడానికి లేదు, తల ఊపడానికీ లేదు. మాట అయిపోయిన చోట మరేదీ వచ్చి ఖాళీని పూడ్చదు. వింటూ నిలబడటం తప్ప మీరు చెయ్యగలిగింది లేదు.

పాట దెబ్బలు తిన్న మనిషి చెబుతున్నది కాదు. కొట్టిన వాడిదీ కాదు. గోడకి ఇవతల నిద్రపట్టక పడుకున్న ఎవరిదో. అవతల కేకలు. పోలీసులకి ఫోన్ చేసినా లాభం లేదని ఆ మనిషికి ముందే తెలుసు. వస్తే ఆలస్యంగా వస్తారు, వచ్చాక మొగుడూపెళ్ళాల గొడవలో మేం తలదూర్చం అంటారు. దెబ్బలు తిన్న ఆమె వెక్కివెక్కి ఏడ్చిందనే వర్ణన ఎక్కడా లేదు. పోలీసులు గడప దాటుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అంతే. నాకైతే ఆ పొదుపే భయం.

మనకో సామెత ఉంది: మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట. నవ్విన తోడికోడలి గురించి శతాబ్దాలుగా చెప్పుకుంటున్నాం. కొట్టిన సంగతి మాత్రం అందులో వానా ఎండా లాంటిదే, దాని గురించి ఎవరూ అడగరు.

ట్రేసీ చాప్‌మన్ చదివిన బడి అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం, డాన్‌బరీలో ఉంది. అదే రాష్ట్రంలో టోరింగ్టన్ అనే ఊరు. 1983 జూన్ 10న అక్కడొకావిడ, విడిగా ఉంటున్న భర్త ఇంటిమీదికి వచ్చాడని పోలీసులకి ఫోన్ చేసింది. పోలీసు వచ్చేసరికి దాదాపు 25 నిమిషాలు. అప్పటికే కత్తిపోట్లు. పోలీసు కళ్ళెదుటే వాడు ఆమె తల మీద తన్నాడు కూడా. ఆమె బతికింది. ఊరి మీద దావా వేసింది. బయటివాడు కొడితే ఒక న్యాయం, మొగుడు కొడితే ఇంకో న్యాయమా అన్నది కేసు. 1985లో జ్యూరీ ఆమెకి 23 లక్షల డాలర్లు ఇమ్మంది. మరుసటి ఏడు ఆ రాష్ట్రం చట్టమే మార్చుకుంది. ఆ పాట ఈ కేసు గురించని నేననడం లేదు. వెంబ్లీలో మీరు నిలబడ్డ ఈ మధ్యాహ్నానికి, ఆ 25 నిమిషాలకి నిన్నటితో సరిగ్గా అయిదేళ్ళు.

మీ పక్కవాడు బీరు గ్లాసు చేతిలో అలాగే పట్టుకున్నాడు. పాటలో కేకలు ఆగిపోయాయి. హమ్మయ్య అనుకోబోయారు. వీధిలో అంబులెన్స్ ఉంది.

పాట అయిపోయింది. రెండు నిమిషాలైనా పట్టలేదు. చప్పట్లు కొట్టాలా? మీ చేతులకి తోచలేదు. ఈలోగా మూడో పాటకి గిటారు మోగింది, ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం స్టీవీ వండర్ వాయిద్యానికి కావలసిన డిస్కు కనబడలేదు. ఆయన దిగిపోతే, ఖాళీ నింపడానికి మళ్ళీ ఈమెనే పంపారు. అప్పుడు పాడిన 'ఫాస్ట్ కార్' టీవీల్లో ప్రపంచమంతా విన్నది. లోకానికి గుర్తున్నదీ అదే.

సోమవారం క్యాసెట్ కొన్నారు. మొదటి వైపు రెండో పాట ఫాస్ట్ కార్, అయిదోది ప్రేమపాట. రెండిటి మధ్య నాలుగోదిగా 'బిహైండ్ ద వాల్'. రాత్రి పక్కమీద పడుకుని వింటున్నారు. మూడోది అయిపోగానే ఫార్వర్డ్ నొక్కారు. టేపు గిర్రున తిరిగింది. చాల్లే అని అంచనా వేసుకుని వదిలారు. కాస్త ముందే వదిలారు. వీధిలో గుమిగూడిన వాళ్ళని ఇళ్ళకి పొమ్మంటున్నాడు పోలీసు, అందరికీ నిద్ర అవసరమంటున్నాడు.