ఫోటోలో అంబాసిడర్

తలుపులలో మా తాత పెట్టెలో దొరికిన ఫోటో అది. నల్ల కారు, పక్కన ఒక ఆడమనిషి. ఎండకు ముఖం తెల్లబారిపోయింది, వెనక తేదీ లేదు. తాత మొదటి భార్య, మా పెద్దవ్వే అంటాడు పెద్దమామ. కాపీ తీయించి దేవుడి గూట్లో పెట్టుకున్నాడు. మా అమ్మేమో, కాదు, తర్వాత వచ్చిన అవ్వే అంటుంది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956లోనే పెద్దవ్వ పోయింది. మామ అప్పటికి చంటిబిడ్డ. తల్లి ముఖం ఎరగడు.

ముఖం చెప్పనిది కారు చెప్పింది. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాలతో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు 1954లో ల్యాండ్‌మాస్టర్ తెచ్చారు. దాని వెనక భాగం గుండ్రంగా జారి ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన అంబాసిడర్‌కు వెనక చిన్న రెక్కల్లా అంచులు లేస్తాయి, బానెట్ మీద పొడుగాటి నొక్కులుంటాయి. మా ఫోటోలో రెండూ ఉన్నాయి. 1957కు ముందు అంబాసిడరే లేదు.

అంటే ఆమె అవ్వే. కారును పోల్చుకోవడానికి రేకు మీద నొక్కు చాలింది. పెద్దవ్వకు మాత్రం ఒక్క ఆనవాలూ మిగల్లేదు.

మామకు ఈ మాట నేనే చెప్పాలి. ఫోటో గూట్లోంచి తీస్తాడని మాత్రం అనుకోను. ఆయన్ని పెంచిన తల్లి మా అవ్వే కదా.